పాత ఎస్టీమ్‌కు థ్రాటిల్ బాడీ స్పేసర్: తయారీ, బిగింపు, కొలతలు

పాత ఎస్టీమ్ (కూకట్‌పల్లి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2004లో కొన్న మారుతి ఎస్టీమ్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పదహారు వాల్వుల 1298 సీసీ ఇంజను, మల్టీపాయింట్ ఇంజెక్షన్. ఊళ్లో తిరగడానికి ఏ లోటూ లేదు కానీ, మొన్న దసరా సెలవుల్లో నలుగురం కూర్చుని, ఏసీ వేసుకుని, వికారాబాద్ మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరులో కాలు పూర్తిగా అదిమినా బండి లాగలేదు. రెండో గేరుకు దించక తప్పలేదు. పదేళ్ల కిందట ఇదే బండి ఇదే ఘాట్‌ను ఇంతే బరువుతో మూడో గేరులోనే ఎక్కిన సంగతి నాకు బాగా గుర్తుంది.

ఇంజను కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ సమంగా ఉందని మా మెకానిక్ చూసి చెప్పారు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ కొత్తవి. క్లచ్ జారడం లేదు. ఈ దశలో థ్రాటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే భాగం) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ (ఆ గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల అమరిక) మధ్య స్పేసర్ అనే ఒక అల్యూమినియం దిమ్మె పెడితే కింది ఆర్‌పీఎంలో లాగుడు పెరుగుతుందని విన్నాను. ఎస్టీమ్‌కు తయారుగా దొరికే స్పేసర్ నాకెక్కడా కనబడలేదు కనుక చేయించుకోవాలనుకుంటున్నాను. మందం ఎంత ఉండాలి, ఏ లోహం వాడాలి, బిగించేటప్పుడు ఏమేమి చూసుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

లేత్ పనివాడు (బాలానగర్)

నమస్కారమండీ. చేయడం పెద్ద పని కాదు, బాలానగర్‌లో వీఎంసీ (కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మిషను) ఉన్న ఏ షాపులోనైనా ఒక పూటలో అయిపోతుంది. అయితే డబ్బు పెట్టే ముందు దానివల్ల ఏమి ఆశించవచ్చో లెక్క వేసి చూద్దాం.

మీ ఇంజను 1298 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకు ఒకసారి ఆ మేరకు గాలి పీలుస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర, పూర్తి థ్రాటిల్ మీద, ఎనభై శాతం నిండుతుందనుకుంటే సెకనుకు సుమారు 26 లీటర్ల గాలి. థ్రాటిల్ రంధ్రం 46 మి.మీ. అనుకుంటే అందులో గాలి వేగం సెకనుకు పదిహేను, పదహారు మీటర్లు ఉంటుంది. పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉన్న స్పేసర్‌ను ఆ గాలి దాటడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఆ స్పేసర్ లోపల అదనంగా చేరే ఖాళీ ఎంత అంటే ఇరవై సీసీ, అంటే ఇంజను సామర్థ్యంలో ఒకటిన్నర శాతం.

ఇక లాగుడు సంగతి. కింది ఆర్‌పీఎంలో టార్క్ పెరగాలంటే పెరగవలసింది ప్లీనం (మానిఫోల్డ్ మొదట్లో గాలి చేరే గది) నుంచి వాల్వు దాకా ఉండే రన్నర్ల (ఒక్కొక్క సిలిండరుకు వెళ్లే గొట్టాల) పొడవు. వాల్వు మూసుకున్నప్పుడు వెనక్కి తిరిగే గాలి అల మళ్లీ సరైన సమయానికి వాల్వు దగ్గరకు చేరడం ఆ పొడవు మీద ఆధారపడి ఉంటుంది. థ్రాటిల్ బాడీ ప్లీనానికి ముందు ఉంటుంది కనుక అక్కడ దిమ్మె పెడితే రన్నర్లు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగవు. అందువల్ల ఫలితం మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దని నా మాట. చేయాలన్న పట్టుదల ఉంటే, బండికి హాని జరగకుండా ఎలా చేయాలో తప్పకుండా చెబుతాను.

శాంత్రో సారథి (దిల్‌సుఖ్‌నగర్)

లేత్ పనివాడు గారి లెక్క కాదనను గానీ, నా అనుభవం వేరుగా ఉంది. నా 2003 శాంత్రోకు లోపల మరల మాదిరిగా గాడి తీసిన స్పేసర్ ఆన్‌లైన్‌లో తెప్పించి వేశాను. ఆ గాడి వల్ల గాలి సుడి తిరుగుతుందని, పెట్రోలు బాగా కలుస్తుందని దాని డబ్బా మీద రాసి ఉంది. ఆ తరువాత లీటరుకు రెండు కిలోమీటర్ల మైలేజీ పెరిగింది, తొలి గేరులో కదలడం కూడా తేలికైంది. ఇది నేను పుస్తకంలో రాసుకున్న లెక్కే కానీ ఊహ కాదు.

లేత్ పనివాడు (బాలానగర్)

శాంత్రో సారథి గారూ, మీరు రాసుకున్న అంకెలను నేను నమ్ముతున్నాను. నా సందేహమల్లా ఆ పెరుగుదల దేనివల్ల వచ్చిందన్నదే.

కార్బురేటర్ బండిలోనూ, థ్రాటిల్ దగ్గరే ఒకటో రెండో ఇంజెక్టర్లు ఉండే పాత పద్ధతి బండిలోనూ పెట్రోలు ఆ స్పేసర్ గుండానే వెళుతుంది. అక్కడ సుడి గురించి మాట్లాడితే అర్థం ఉంది. మీ శాంత్రోలో ఇంజెక్టర్లు ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్కటి, ఇన్‌టేక్ వాల్వు ఎదుటే ఉన్నాయి. స్పేసర్ దగ్గర ఉన్నది ఒట్టి గాలి. అక్కడ తిరిగిన సుడి ప్లీనంలోకి విస్తరించి, మలుపు తిరిగి, నాలుగు దారులుగా చీలేసరికి మిగలదు.

దయచేసి గుర్తు చేసుకోండి: స్పేసర్ వేసిన రోజున థ్రాటిల్ బాడీని విప్పి శుభ్రం చేశారా? ఎయిర్ ఫిల్టర్ మార్చారా? యాక్సిలరేటర్ కేబుల్ బిగించారా? పెట్రోలు అదే బంకులో, అదే పంపు దగ్గర, అదే మట్టానికి పోయించారా? ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ కనుక, పాత నెలల మైలేజీతో కొత్త నెలల మైలేజీని పోల్చేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కలోకి రావాలి.

శాంత్రో సారథి (దిల్‌సుఖ్‌నగర్)

మీరు అడిగాక పాత బిల్లు తీసి చూశాను. అదే రోజున థ్రాటిల్ క్లీనింగు, ఎయిర్ ఫిల్టర్, నాలుగు ప్లగ్గులు వేశారు. వీటిలో దేనివల్ల ఎంత పెరిగిందో నేను విడదీసి చెప్పలేనన్న మాట నిజం.

పాత ఎస్టీమ్ (కూకట్‌పల్లి)

ఈ చర్చ చదివిన తరువాత ఒక నిర్ణయానికి వచ్చాను. ఏ పని చేసినా, దానికి ముందూ తరువాతా కొలుస్తాను. కొల్లూరు దాటాక ఖాళీగా ఉండే ఒక తిన్నని రోడ్డు చూసుకున్నాను. పొద్దున ఆరు గంటలకు, మూడో గేరులో, నలభై కిలోమీటర్ల వేగం నుంచి ఎనభై దాకా కాలు పూర్తిగా అదిమి, అటు మూడు సార్లు, ఇటు మూడు సార్లు నడిపాను. పక్క సీట్లో మా బావమరిది స్పీడోమీటరును ఫోనులో వీడియో తీశాడు. ఇంటికి వచ్చి వీడియోలో సెకన్లు లెక్కపెట్టుకుంటే సగటు 10.1 సెకన్లు వచ్చింది. ఆరు పరుగుల్లో అతి తక్కువకూ అతి ఎక్కువకూ తేడా 0.4 సెకన్లు. కనుక అంతకన్నా చిన్న తేడా కనబడితే దానిని తేడాగా లెక్కించను.

తరువాతి ఆదివారం థ్రాటిల్ బాడీ విప్పి శుభ్రం చేశాను. సీతాకోకచిలుక రెక్కలాంటి ఆ ఇత్తడి బిళ్ల అంచు చుట్టూ నల్లని జిగట వలయం కట్టి ఉంది, గోటితో గీస్తే తారులా వచ్చింది. క్లీనరు చల్లి, పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్ది, నూలుగుడ్డతో తుడిస్తే అరగంట పట్టింది. తిరిగి బిగించాక ఐడ్లింగు (కాలు తీసినప్పుడు ఇంజను తిరిగే వేగం) నిలకడగా నిలిచింది. యాక్సిలరేటర్ తొలి అడుగులో ఉండే పట్టు పోయి బండి మెత్తగా కదులుతోంది. కొత్త బండి ఎక్కినట్టు అనిపించింది. కానీ అదే రోడ్డు మీద మళ్లీ ఆరు సార్లు కొలిస్తే సగటు 10.0. అంటే పూర్తి థ్రాటిల్ మీద ఏమీ మారలేదు. ఊళ్లో నడపడంలో మాత్రం తేడా స్పష్టంగా ఉంది.

స్పేసర్ కూడా వేసి చూడాలనే ఉంది. తయారీ పద్ధతి చెప్పండి.

లేత్ పనివాడు (బాలానగర్)

మీరు కొలిచిన తీరు చాలా బాగుంది. ఇక తయారీ గురించి వివరంగా రాస్తాను.

లోహం 6082 అల్యూమినియం తీసుకోండి, 6061 దొరికినా సరే. రాణీగంజ్‌లో ప్లేటు ముక్క కోసి తూకానికి ఇస్తారు. పన్నెండు మిల్లీమీటర్ల మందం కావాలంటే పదిహేను మి.మీ. ప్లేటు కొని రెండు వైపులా ఫేసింగ్ (మిషను మీద ముఖాన్ని చదును చేయడం) చేయించాలి, ఎందుకంటే కోసి ఇచ్చిన ప్లేటు చూపుకు చదునుగా ఉన్నా కొలతకు ఉండదు. పన్నెండు మించి వెళ్లవద్దు. థ్రాటిల్ బాడీ ఎంత ముందుకు జరిగితే గాలి గొట్టం, కేబుల్, కూలెంట్ పైపులు, సెన్సార్ వైర్లు అంత దూరం సాగాలి. త్రీడీ ప్రింటింగ్‌లో చేయించుకుందామని కొందరు అంటున్నారు. మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో మన ఎండకు బానెట్ కింద అది నిలవదు. మెత్తబడి వంగితే గాలి లీకవుతుంది, విరిగితే ముక్క ఇంజనులోకి పోతుంది.

నమూనా కోసం పాత గ్యాస్కెట్ మీద ఆధారపడకండి. అది బిగుసుకుని, సాగి, నూనె పీల్చి ఉంటుంది. థ్రాటిల్ బాడీ ఫ్లాంజి (బోల్టులు పడే చదును అంచు) ముఖానికి పలుచగా ప్రష్యన్ బ్లూ (అచ్చు చూడడానికి వాడే నీలి రంగు) పూసి, దళసరి తెల్ల కాగితం మీద సమంగా అద్దండి. మానిఫోల్డ్ ముఖాన్ని కూడా అలాగే అద్ది, రెండు కాగితాలనూ వెలుతురుకు ఎదురుగా ఒకదానిమీద ఒకటి పట్టుకుని చూడండి. బోల్టు రంధ్రాలు, పెద్ద రంధ్రం, వాటితోపాటు ఏ చిన్న రంధ్రం, గాడి కనబడినా అది స్పేసర్‌లో ఉండి తీరాలి. రంధ్రాల మధ్య దూరం కాగితం మీద కాక, వెర్నియర్‌తో నేరుగా లోహం మీదే కొలవాలి. పైన నేను రాసిన 46 మి.మీ. లెక్క కోసం అనుకున్న అంకె మాత్రమే, మీ బండిని మీరు కొలుచుకోండి.

పెద్ద రంధ్రం థ్రాటిల్ రంధ్రానికి సమానంగా గానీ, పావు మిల్లీమీటరు పెద్దదిగా గానీ ఉండాలి. చిన్నదైతే గాలికి గడప కట్టినట్టవుతుంది. బోల్టు రంధ్రాలు ఎం8కు 8.5 మి.మీ. చాలు. రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా, 0.05 మి.మీ. లోపు చదునుగా రావాలి. మిషను మీద నుంచి తీశాక, మందపాటి అద్దం ముక్క మీద 400 నంబరు ఎమెరీ కాగితం పరిచి, కిరోసిన్ చుక్కలు వేసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. ముఖం అంతా ఒకే మసక రంగుకు వస్తే చదును వచ్చినట్టు, ఎక్కడైనా మెరుపు మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు.

అంచులన్నీ సన్నని ఆకురాయితో మొద్దు చేయాలి. ఆ తరువాత చేయవలసిన పనినే చాలామంది తేలికగా తీసుకుంటారు. రంధ్రాల్లో, మూలల్లో ఇరుక్కున్న రజను మొత్తం పోవాలి. సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడిగి, గాలి కొట్టి, తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మీద మెరుపు కనబడనంత వరకు మళ్లీ మళ్లీ చేయండి. ఎయిర్ ఫిల్టర్ దాటిన తరువాత ఉండే వస్తువు ఇది. దీని మీద నుంచి రాలిన రేణువును ఆపడానికి ముందు ఇక ఏదీ లేదు, అది నేరుగా సిలిండరులోకి పోతుంది.

బోల్టులు స్పేసర్ మందం మేరకు పొడవైనవి కావాలి. అల్యూమినియంలో ఎం8 బోల్టు కనీసం పన్నెండు మి.మీ. మర పట్టాలి. మరీ పొడవైతే గుడ్డి రంధ్రంలో అడుగు తగిలి, బిగిసినట్టే అనిపించి బిగియదు. రాణీగంజ్‌లో 8.8 గ్రేడు అడిగి తీసుకోండి, తల మీద ఆ అంకె ముద్ర ఉందో లేదో చూసుకోండి. గ్యాస్కెట్లు రెండు కావాలి.

బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పుణ్యమా అని ఈ చుట్టుపక్కల డ్రాయింగు చదవగల పనివాళ్లకు కొదవ లేదు. చేత్తో గీసిన బొమ్మ అయినా పరవాలేదు, కొలతలూ టాలరెన్సులూ (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో) రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే నోటిమాటగానే వస్తుంది.

ఎనిమిది వందలు (సనత్‌నగర్)

చిన్న రంధ్రం గురించి చెప్పిన మాటను దయచేసి అందరూ గట్టిగా పట్టించుకోండి. మా అన్నయ్య బండికి నేనే ఒకసారి స్పేసర్ చేశాను. ఫ్లాంజిలో పెద్ద రంధ్రం కింద చిటికెన వేలు పట్టేంత రంధ్రం ఇంకొకటి ఉంది. అచ్చు పోసేటప్పుడు మిగిలిన గుంటేమో అనుకుని స్పేసర్‌లో దానిని వదిలేశాను. బండి స్టార్టయ్యేది, కాలు తీసిన వెంటనే ఆగిపోయేది. ఐడ్లింగుకు కావలసిన గాలి ఆ దారినే వెళ్లాలి, దాన్ని నేను గోడ కట్టి మూసేశాను. రెండు రోజులు ఐడిల్ వాల్వునూ వైరింగునూ అనుమానించి, చివరకు విప్పి చూస్తే కొత్త గ్యాస్కెట్ మీద ఆ రంధ్రం గుండ్రంగా కనబడుతూనే ఉంది.

ఘాట్ రోడ్డు (మెహిదీపట్నం)

గ్యాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు పూయవద్దని నా విన్నపం. మా పాత బండికి ఒక షెడ్డులో థ్రాటిల్ బాడీ విప్పి, గ్యాస్కెట్ చిరిగిందని పేస్టు దట్టంగా పూసి బిగించారు. పైకి కనబడిన పేస్టును తుడిచారు గానీ, లోపలికి పొంగినది అక్కడే గడ్డకట్టింది. నాలుగైదు నెలల తరువాత ఒక రాత్రి మెహిదీపట్నం ఫ్లైఓవర్ మీద కాలు తీసినా ఇంజను వేగం తగ్గలేదు. క్లచ్ తొక్కి, తాళం తిప్పి, పక్కకు ఆపాను. విప్పి చూస్తే వానపాములాంటి సిలికాన్ తీగ ఊడి, బిళ్ల అంచులో ఇరుక్కుని, దానిని పూర్తిగా మూసుకోనివ్వడం లేదు. 0.8 మి.మీ. గ్యాస్కెట్ షీటు కొనుక్కుని కత్తెరతో కోసుకుంటే సరిపోయే పని అది.

ఆర్సీ బుక్కు (ఖైరతాబాద్)

పాత ఎస్టీమ్ గారూ, మీది 2004 బండి కనుక 2019లో ఒకసారి, 2024లో ఒకసారి ఆర్సీ రెన్యువల్ అయి ఉంటుంది, మళ్లీ 2029లో రావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజను నంబరు, సామర్థ్యం, ఇంధనం ఈ దిమ్మె వల్ల మారవు. అయినా ఒరిజినల్ బోల్టులూ గ్యాస్కెట్టూ దాచి పెట్టుకోండి, పావుగంటలో యథాస్థితికి తేగలిగేలా ఉండాలి. బిగించిన తరువాత పొల్యూషన్ పరీక్ష కూడా చేయించండి. బీఎస్-2 (భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారుకు ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం మించకూడదు. లీకు ఉంటే అక్కడ కూడా తెలిసే అవకాశం ఉంది.

పాత ఎస్టీమ్ (కూకట్‌పల్లి)

స్పేసర్ తయారైంది, నిన్న బిగించాను. చేసిన క్రమం రాస్తున్నాను.

ఇంజను పూర్తిగా చల్లారే వరకు ఆగి, బ్యాటరీ నెగెటివ్ తీశాను. ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పి, కేబుల్ వదులు చేసి, సెన్సార్ ప్లగ్గులు ఒక్కొక్కటి తీసి, వాటికి రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాను. థ్రాటిల్ బాడీ అడుగున ఉండే రెండు కూలెంట్ పైపులను విప్పకుండానే పని జరుగుతుందేమోనని చూశాను. పన్నెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగితే ఒక పైపు మడత పడేలా ఉంది. అందువల్ల దాన్ని తీసి, పాతదానికంటే రెండు అంగుళాలు పొడవైన కొత్త పైపు వేసి, కొత్త క్లిప్పులు బిగించాను. మానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, పాత గ్యాస్కెట్ అంటుకున్న చోట్ల ప్లాస్టిక్ ముక్కతో గీకాను. గుడ్డ తీయడం మరిచిపోకూడదని దాని కొసను బయటికి వేలాడదీసి, తాళం చెవి దానికే కట్టాను.

గ్యాస్కెట్, స్పేసర్, గ్యాస్కెట్, థ్రాటిల్ బాడీ. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తరువాత ఎదురెదురుగా మూడు విడతలుగా, చివరకు టార్క్ రెంచితో 20 న్యూటన్ మీటర్లకు బిగించాను. గాలి గొట్టంలో ముడతలు సర్దుకుని పన్నెండు మిల్లీమీటర్లు తేలిగ్గా వచ్చింది.

ఇక కేబుల్. థ్రాటిల్ బాడీ స్థానం మారింది కనుక కేబుల్ మళ్లీ సర్దుబాటు చేయాలి. గాలి గొట్టం ఊడదీసి ఉండగానే మా బావమరిదిని పెడలు పూర్తిగా తొక్కమని చెప్పి, టార్చి వేసి లోపలికి చూశాను. స్పేసర్ పెట్టిన తరువాత కేబుల్ బిగుసుకుని ఉండాలని అనుకున్నాను, అయినా బిళ్ల పూర్తిగా తెరుచుకుని పడుకోవడం లేదు, కొంత ఏటవాలుగానే నిలబడిపోయింది. లాక్ నట్టు వదులు చేసి, పెడలు చివరిదాకా వెళ్లినప్పుడు బిళ్ల అంచు మాత్రమే కనబడేలా, కాలు తీస్తే కేబుల్‌లో మూడు నాలుగు మిల్లీమీటర్ల వదులు మిగిలేలా సరిచేశాను. పదిసార్లు తొక్కి వదిలితే పదిసార్లూ టక్కున మూసుకుంది.

ఈ ఉదయం అదే రోడ్డు మీద ఆరు పరుగులు: సగటు 9.4 సెకన్లు! ఇది 0.4 సెకన్ల గీత దాటిన తేడా. వాక్యూమ్ గేజి (మానిఫోల్డ్‌లోని పీల్పును పాదరస అంగుళాల్లో చూపేది) మాత్రం ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే, ఐడ్లింగులో 17 అంగుళాలు.

లేత్ పనివాడు (బాలానగర్)

శుభం. గేజి మారకపోవడం మంచి గుర్తు. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజను 17 నుంచి 21 అంగుళాల మధ్య చూపిస్తుంది, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాదు దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ 17 అంటే ఇంజను బాగున్నట్టే.

లీకు విషయంలో ఒక మాట. గాలి పరిమాణాన్ని నేరుగా కొలిచే సెన్సార్ ఉన్న బండిలో స్పేసర్ దగ్గర లీకైతే లెక్కకు రాని గాలి చేరి మిశ్రమం పలుచబడుతుంది, ఇంజను తడబడుతుంది. మీ బండిలో మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే సెన్సార్ ఉంది. లీకైన గాలి కూడా పీడనాన్ని పెంచుతుంది కనుక కంప్యూటరు దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది. అందువల్ల మీకు కనబడేది తడబాటు కాకుండా, దిగని ఐడ్లింగు. ఇంజను వేడెక్కాక కూడా ఐడ్లింగు ఎక్కువగా నిలిస్తే అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లి చూడండి, లీకున్న చోట నీటిని పీల్చుకుని శబ్దం మారుతుంది. వేడి ఇంజను మీద కార్బ్ క్లీనర్ చల్లి వెతికే అలవాటు కొందరికి ఉంది, అది మంటలు అంటుకునే పని.

ఇక 9.4 సెకన్ల సంగతి. మీ సంతోషానికి అడ్డు వస్తున్నానని అనుకోవద్దు, కానీ మీరు ఒకే రోజున రెండు పనులు చేశారు: స్పేసర్ పెట్టారు, కేబుల్ సరిచేశారు. కేబుల్ పాత అమరికలో బిళ్ల ఎంత వరకు తెరుచుకునేదో ముందు చూశారా? పెడలు తొక్కించి లోపలికి చూడమని మొదటి రోజే నేను అడగవలసింది, అడగలేదు. ఒక్క ఆదివారం ఖర్చు పెట్టి స్పేసర్ తీసేయండి, కేబుల్‌ను మళ్లీ ఇదే పద్ధతిలో పూర్తి తెరుపుకు సరిచేయండి, కొలవండి.

పాత ఎస్టీమ్ (కూకట్‌పల్లి)

మీరు చెప్పినట్టే చేశాను. ముందు స్పేసర్ తీసి, పాత బోల్టులు, పాత పైపు వేసి, లాక్ నట్టును మొదట ఉన్న చోటికే తిప్పాను. ఆ చోట నట్టు కింద తుప్పు గీత స్పష్టంగా ఉంది. పెడలు తొక్కించి చూస్తే బిళ్ల మూడింట రెండు వంతులే తెరుచుకుంటోంది. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో తెలియదు. కేబుల్ ఏళ్లు గడిచి సాగిందో, ఎప్పుడో క్లచ్ పని చేసినప్పుడు ఎవరైనా కదిపారో. కాలు పూర్తిగా అదిమానని నేను అనుకున్న ప్రతిసారీ ఇంజనుకు అందింది మూడింట రెండు వంతుల తెరుపే. థ్రాటిల్ స్థానాన్ని చెప్పే సెన్సార్ కూడా చివరి దాకా వెళ్లలేదు కనుక, పూర్తి భారం మీద పోయవలసిన అదనపు పెట్రోలును కంప్యూటరు పోసి ఉండదు.

తరువాత స్పేసర్ లేకుండానే కేబుల్‌ను పూర్తి తెరుపుకు సరిచేసి ఆరు పరుగులు నడిపాను. సగటు 9.3 సెకన్లు. స్పేసర్ ఉన్నప్పుడు 9.4, లేనప్పుడు 9.3, మధ్యనున్న తేడా పరుగుకూ పరుగుకూ మధ్య వచ్చే తేడాలో నాలుగో వంతు. వచ్చిన మార్పంతా ఒక లాక్ నట్టును నాలుగు చుట్లు తిప్పినందువల్లనే వచ్చింది.

శాంత్రో సారథి గారూ, వీలైతే మీ బండికి కూడా పెడలు తొక్కించి ఒకసారి చూడండి.

శాంత్రో సారథి (దిల్‌సుఖ్‌నగర్)

చూశానండీ. నాది పూర్తిగానే తెరుచుకుంటోంది. వచ్చే నెల స్పేసర్ తీసి, అదే బంకు, అదే పంపు, అదే దారి పెట్టుకుని మూడు ట్యాంకుల లెక్క రాసి ఇక్కడే పెడతాను.

ఎనిమిది వందలు (సనత్‌నగర్)

ఇంజెక్షన్ బండికి స్పేసర్ అక్కరలేదని తేలింది గానీ, కార్బురేటర్ బండి ఉన్నవారు ఈ చర్చ చదివి తమ బండిలో ఉన్న దిమ్మెను తీసేయకూడదని ఇది రాస్తున్నాను. నాది కార్బురేటర్ ఉన్న 1997 మారుతి 800. అందులో కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య కంపెనీయే ఒక బేకలైట్ (వేడిని సరిగా పంపని గట్టి ప్లాస్టిక్) దిమ్మె పెట్టింది. గాలిని సుడి తిప్పడం దాని పని కాదు, మానిఫోల్డ్ వేడిని కార్బురేటర్ గిన్నెలోకి ఎక్కనివ్వకపోవడమే దాని పని.

ఏప్రిల్, మే నెలల్లో ట్రాఫిక్‌లో నడిపి, బండి ఆపి, పది నిమిషాలు దుకాణంలోకి వెళ్లి వస్తే స్టార్టయ్యేది కాదు. ఆపిన తరువాత గాలి తగలక మానిఫోల్డ్ వేడి పైకి పాకి, గిన్నెలోని పెట్రోలు మరిగి ఇంజనులోకి పొంగేది. విప్పి చూస్తే ఆ దిమ్మె ఒక బోల్టు రంధ్రం దగ్గర నెర్రె విచ్చి ఉంది, ఎవరో అతిగా బిగించారు. కొత్తది వెంటనే దొరకలేదు. ఒకరు అల్యూమినియంతో చేయించుకోమన్నారు. అల్యూమినియం వేడిని బేకలైట్ కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా పంపిస్తుంది, అది పెడితే రోగానికి మందు బదులు రోగాన్నే పోసినట్టు.

హైలం షీటుతో చేశాను. ఈ పేరు మా సనత్‌నగర్‌లోని బేకలైట్ హైలం కర్మాగారం నుంచి వచ్చిందే, ఇప్పటికీ ఎలక్ట్రికల్ దుకాణాల్లో హైలం అని అడిగితేనే ఇస్తారు. కాగితం పొరల షీటు కాకుండా గుడ్డ పొరల షీటు తీసుకోవాలి. కాగితం రకం డ్రిల్లు బయటికి వచ్చే చోట పెచ్చులూడుతుంది. కింద చెక్క పెట్టి, నెమ్మదిగా, ముక్కుకు మాస్కు కట్టుకుని రంధ్రాలు వేశాను, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మందం పాత దిమ్మె కంటే మూడు మిల్లీమీటర్లే పెంచాను. ఇంకా పెంచితే ఎయిర్ క్లీనర్ డబ్బా బానెట్‌కు తగులుతుంది, చోక్ కేబుల్ అమరిక చెడుతుంది. ఒక హెచ్చరిక: ఈ బండిలో మెకానికల్ పెట్రోలు పంపు కింద కూడా ఇలాంటి దిమ్మె ఉంటుంది. దాని మందం మాత్రం వెంట్రుకవాసి కూడా మార్చకూడదు, పంపు కొట్టే దూరం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

బిగించాక ఈ వేసవి మొత్తంలో వేడి మీద స్టార్టు కాని రోజు ఒక్కటీ రాలేదు.

పాత ఎస్టీమ్ (కూకట్‌పల్లి)

నిన్న మళ్లీ అనంతగిరి వెళ్లాం. అదే నలుగురం, అదే ఏసీ. గుడి దగ్గరి మలుపు వరకు మూడో గేరులోనే ఎక్కింది. స్పేసర్ నా పెట్టెలో ఉంది, పక్కనే దాని పొడవు బోల్టులు కూడా ఉన్నాయి. లేత్ పనివాడు గారూ, మీ షాపుకు దాన్ని తీసుకొస్తే మధ్య రంధ్రాన్ని పెద్దది చేసి వాక్యూమ్ గేజికి బిగింపు పట్టీగా మార్చగలరా? ఆ గేజి ఇప్పటిదాకా దారంతో కట్టి ఉంది.

లేత్ పనివాడు (బాలానగర్)

తప్పకుండా. శనివారం మధ్యాహ్నం తరువాత రండి, మిషను ఖాళీగా ఉంటుంది. గేజి కూడా వెంట తెచ్చుకోండి, వ్యాసం దాని మీదే కొలుద్దాం.